ఇల్లమ్మునపుడు సరియైన ధర తెలిసికొనుట ఎట్లు?

"అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అని మన పెద్దలు ఊరక చెప్పలేదు. ధాన్యమునకు బజారు కలదు. పశువులకు సంత కలదు. పొలమునకుగూడ ఎకరము ఇంత యని ఊరిలో ఒక వాడుక ధర యుండును. ఇంటికి మాత్రము అట్టి వాడుక ధర లేదు. చిన్న గ్రామములో సంవత్సరమునకు రెండు మూడు ఇండ్లు చేతులు మారినచో అదియే ఎక్కువ. అందుచేత ఇల్లు అమ్మదలచిన గృహస్థునకు తన ఇంటి విలువ యెంతయో నిశ్చయముగా తెలియదు. కొనవచ్చినవానికి తెలిసినను అతడు చెప్పడు.

పల్లెలలో ఇల్లు అమ్మువారిలో అనేకులు తీరిక కలిగి, లాభము కోరి అమ్మువారు కారు. వైద్యమునకు డబ్బు కావలసినవారు, అప్పు తీర్పవలసినవారు, పిల్లలు పట్టణములలోను విదేశములలోను స్థిరపడగా ఒంటరిగా మిగిలిన వృద్ధులు, భర్త పోయిన స్త్రీలు వీరిలో ఎక్కువగా నుందురు. ఒక్క మాటతో రెండు మూడు లక్షల రూపాయలు తక్కువకు ఒప్పుకొన్నచో, అది వారు ఇక నెన్నటికిని తిరిగి సంపాదింపలేని సొమ్ము. అన్నదమ్ములు ఇల్లు పంచుకొనునపుడు, ఒకరి భాగమును మరొకరు తీసికొనునపుడుగూడ ఇదే చిక్కు వచ్చును. అప్పుడు ఊరిపెద్దలుగా పంచాయతీ సభ్యులను పిలుచుట వాడుక. ఆ సమయమున సభ్యులు చెప్పు మాటకు ఆధారముండవలెను. ఆ ఆధారమును సంపాదించు పద్ధతిని ఇచ్చట వివరింపదలచినాము.

పద్ధతిలోని మూలసూత్రము

ఒక వస్తువు విలువ తెలియనపుడు, అటువంటి వస్తువునకే ఇటీవల ఇతరులు ఏమి చెల్లించిరో చూచుట లోకములో నున్న మార్గము. ఎడ్లను కొనువాడు మొన్నటి సంతలో అదే ఈడు, అదే జాతి ఎడ్లు ఎంతకు పోయినవో విచారించును. ఇంటికిని అదియే మార్గము. మన ఇంటిని పోలిన ఇండ్లు మూడు నాలుగు ఏరి, అవి నిజముగా ఎంతకు అమ్ముడుపోయినవో తెలిసికొని, వానికిని మన ఇంటికిని గల భేదములను లెక్కకట్టి, ఆ ధరలను సవరించవలెను. బ్యాంకులు అప్పిచ్చునపుడు ఇంటి విలువ కట్టు నిపుణులును ముఖ్యముగా అనుసరించు పద్ధతులలో ఇది ఒకటి.

ఇందులో మూడు పనులు కలవు. మొదటిది, పోలిక ఇండ్లను సరిగా ఎన్నుకొనుట. రెండవది, వాని నిజమైన ధరను కనుగొనుట. మూడవది, భేదములను సవరించుట. ఈ మూడింటిలో ఏది తప్పినను ఫలితము తప్పును.

పోలిక ఇండ్లను ఎన్నుకొనుట

పోలిక అన్నపుడు ముందుగా ఇంటి తరగతిని చూడవలెను. డాబా ఇంటిని డాబా ఇంటితోను, పెంకుటింటిని పెంకుటింటితోను, రేకుల ఇంటిని రేకుల ఇంటితోను పోల్చవలెను. పాత మండువా లోగిలిని కొత్త సిమెంటు ఇంటితో పోల్చుట తగదు. మండువా ఇంటిని కొనువారిలో కొందరు దానిని నివాసమునకు కొనరు. స్థలము కొరకు, అందలి టేకు స్తంభములు, దూలములు, ద్వారబంధముల కొరకు కొందురు. అట్టి ఇంటిని అమ్మువారు స్థలము విలువను, పాత కలప విలువను విడివిడిగా తెలిసికొనుట మేలు.

రెండవది తావు. అదే వీధిలోనిది ఉత్తమము. ప్రక్క వీధి మధ్యమము. ఊరి మరియొక చివరనున్నది తప్పనిసరియైనపుడు మాత్రమే. బస్సు తిరుగు రోడ్డు మీది ఇంటికి దుకాణము పెట్టుకొను వీలుండును గనుక దాని లెక్క వేరు. మన గ్రామములో పోలిక ఇండ్లు దొరకనిచో పొరుగు గ్రామమునకు పోవచ్చును. అయితే ఆ గ్రామమునకు రోడ్డు, పాఠశాల, మంచినీరు మన గ్రామమున కున్నట్లే యున్నవో లేవో చూచుకొనవలెను.

మూడవది కాలము. ఏడాది లోపల జరిగిన విక్రయములు మంచివి. అవి చాలనిచో రెండు మూడేండ్ల వెనుకకు పోవచ్చును. కాని ఆ నడుమ కొత్త రోడ్డు పడినను, కర్మాగారము వచ్చినను, లేదా వచ్చునన్న వదంతి లేచి చల్లారినను, పాత ధరలు నేటికి సరిపోవు. ఆషాఢమాసములోను, మూఢములలోను గృహముల బేరములు మందగించుట మన ప్రాంతములలో సహజము. ఆ దినములలో ఎవరును బేరమునకు రాకపోయినంత మాత్రమున ఇంటికి ధర లేదని నిరాశ చెందరాదు.

పోలికకు పనికిరాని విక్రయములును కలవు. వానిని గుర్తించి త్రోసివేయుట ముఖ్యము. అన్నదమ్ముల నడుమ, మామ అల్లుండ్ర నడుమ జరిగిన విక్రయములలో ధరకంటె బాంధవ్యము ఎక్కువగా పనిచేయును. అప్పులవాని ఒత్తిడివలనను, ఆసుపత్రి ఖర్చులకును పది దినములలో తెగనమ్మిన ఇంటి ధర ఆ కుటుంబపు ఆపదను తెలుపునే గాని ఇంటి విలువను తెలుపదు. అట్లే ప్రక్క ఇంటివాడు తన ఆవరణ పెంచుకొనుటకై పట్టుపట్టి ఎక్కువ ఇచ్చి కొన్న స్థలపు ధరయు మనకు కొలత కాజాలదు. వేలములో పోయిన ఇంటి ధరయు నట్టిదే.

ఒకే కొలతకు తెచ్చుట

ఇండ్ల స్థలములను కొలుచు మాటలు మనలో ఒక్కొక్క జిల్లాకు ఒక్కొక్క విధముగా నున్నవి. కోస్తాలో సెంట్లనియు, తెలంగాణములో గుంటలనియు, నెల్లూరు, చిత్తూరు ప్రాంతములలో అంకణములనియు చెప్పుదురు. ఎకరమునకు 4,840 చదరపు గజములు. సెంటు ఎకరములో నూరవ వంతు, అనగా 48.4 చదరపు గజములు. గుంట ఎకరములో నలుబదవ వంతు, అనగా 121 చదరపు గజములు. అంకణము విషయమున జాగ్రత్త వలయును. ఒకచోట 72 చదరపు టడుగులను, మరొకచోట 36 చదరపు టడుగులను అంకణమందురు. రెండింటికిని ఒకే పేరుండుటచే లెక్క సగమునకు సగము తప్పవచ్చును. కావున పోలికకు తీసికొన్న ఇండ్లన్నిటి స్థలమును చదరపు గజములలోనికి, కట్టడమును చదరపు టడుగులలోనికి మార్చి వ్రాసికొనవలెను. దస్తావేజులోని విస్తీర్ణమును నమ్మి ఊరకుండక, టేపు పట్టి ఒకసారి కొలుచుట మంచిది.

నిజమైన ధరను కనుగొనుట

ఊరిలో మూడు రకముల ధరలు వినిపించును. అమ్మువాడు అడుగు ధర ఒకటి. దస్తావేజులో వ్రాసిన ధర రెండవది. చేతులు మారిన ధర మూడవది. పోలికకు కావలసినది మూడవది.

అడుగు ధర ఎవరైనను ఎంతైనను అడుగవచ్చును. ఒక ఇంటికి ఇరువదియెనిమిది లక్షలు అడుగుచున్నారనియు, అది ఏడాదినుండి అమ్ముడు పోలేదనియు వినినచో, ఆ ధరకు కొనువారు లేరని మాత్రమే గ్రహింపవలెను. దానిని జూచి మన ఇంటికిని ఇరువదియెనిమిది అడుగుట పొరపాటు.

దస్తావేజులోని ధరను తెలిసికొనుటకు చట్టము మార్గము చూపినది. ఆస్తి బదలాయింపు చట్టము, 1882 ప్రకారము నూరు రూపాయలు గాని అంతకు మించి గాని విలువగల స్థిరాస్తిని రిజిస్టరు దస్తావేజు మూలముననే విక్రయింపవలెను. రిజిస్ట్రేషను చట్టము, 1908 ప్రకారము అట్టి దస్తావేజులు సబ్-రిజిస్ట్రారు కార్యాలయములోని మొదటి పుస్తకమున నకలగును. నిర్ణీత రుసుము చెల్లించి ఆ పుస్తకమును పరిశీలించుటకును, నకలు పొందుటకును ఎవరికైనను హక్కు కలదు. ఈ.సి. అని వాడుకలో నున్న ఋణభార పత్రమును తీసినచో ఒక ఆస్తిపై జరిగిన లావాదేవీలు వరుసగా తెలియును. 1998లో ప్రారంభమైన కంప్యూటరు పద్ధతివలన ఈ పని సులువైనది. నేడు మీసేవా కేంద్రములలోను ఈ పత్రమును పొందవచ్చును. దస్తావేజు నకలులో చెక్కుబందీ, విస్తీర్ణము, కట్టడపు వివరము, ధర అన్నియు నుండును.

అయితే దస్తావేజులోని ధర అన్నివేళల చేతులు మారిన ధర కాదు. స్టాంపు సుంకము తగ్గునను ఆశతో కొందరు తక్కువ ధర వ్రాయింతురు. ప్రభుత్వము ప్రతి ప్రాంతమునకు మార్గదర్శక విలువలను నిర్ణయించి, అంతకు తక్కువ వ్రాసిన దస్తావేజులపై సుంకము తక్కువ పడకుండ చూచును. అందుచే అనేక దస్తావేజులలో సరిగా ఆ మార్గదర్శక విలువయే కనబడును. ఆ విలువ సుంకము కొరకు ఏర్పడినది. అది గజమునకు ఇంత, కట్టడమునకు ఇంత యని స్థూలముగా నుండును. మీ ఇంటికి నీళ్లున్నవా, గోడలు బీటలు వారినవా అను విషయములు దానికి తెలియవు. కావున మార్గదర్శక విలువ మీ ఇంటి ధర యని ఎవరైనను చెప్పినచో ఒప్పుకొనరాదు. నిజధర అంతకు పైన ఉండవచ్చును, క్రిందను ఉండవచ్చును.

చేతులు మారిన ధర తెలియుటకు అమ్మినవానిని, కొన్నవానిని వేరువేరుగా అడుగుటకంటె వేరు దారి లేదు. అమ్మినవాడు కొంత హెచ్చించియు, కొన్నవాడు కొంత తగ్గించియు చెప్పుట మానవ సహజము. ఇద్దరి మాటలను, బేరములో కూర్చున్న మధ్యవర్తి మాటను కలిపి చూచినచో నిజము చాలవరకు బయటపడును. ఇంటితోపాటు మోటారు, బీరువా, గడ్డివామి వంటివి కూడ ఇచ్చినారా, ధర ఒకేసారి చెల్లించినారా లేక వాయిదాలలోనా అనియు అడుగవలెను. మూడేండ్ల వాయిదాలలో వచ్చిన ఇరువది లక్షలు, ఒక్కసారి వచ్చిన ఇరువది లక్షలతో సమానము కావు.

తక్కువ వ్రాయించుటవలన ఊరికి కలుగు నష్టము

ఇచ్చట పంచాయతీ సభ్యులు గమనింపవలసిన విషయ మొకటి కలదు. దస్తావేజులో ధర తగ్గించి వ్రాయించుట కొన్నవాని స్వంత విషయమని అనేకులు భావింతురు. అది సరికాదు. 2014 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన 2013నాటి భూసేకరణ చట్టము ప్రకారము, ప్రభుత్వము ప్రజావసరములకై భూమిని తీసికొనునపుడు మార్కెట్టు విలువను కట్టుటకు చూచు ఆధారములలో సమీప ప్రాంతమునందలి అటువంటి భూముల విక్రయ దస్తావేజులు ముఖ్యమైనవి. గడచిన మూడు సంవత్సరములలో రిజిస్టరైన దస్తావేజులను తీసి, వానిలో ఎక్కువ ధర గల సగమింటి సగటును లెక్కింతురు. ఊరిలో అందరును తక్కువ ధరలు వ్రాయించుకొన్నచో, రేపు కాలువ కొరకో రోడ్డు కొరకో భూమి పోయిన నిరుపేదకు పరిహారము తగ్గును. మరియు మన రాష్ట్రములలో ఆస్తి బదిలీలపై స్టాంపు సుంకముతోపాటు వసూలగు అదనపు సుంకములో గ్రామపంచాయతీలకు భాగమున్నది. ధర తగ్గిన కొలది పంచాయతీ ఆదాయమును తగ్గును.

నగదు విషయమునను నియమము కలదు. 2015 జూన్ 1 నుండి స్థిరాస్తి విక్రయమునకై ఇరువది వేల రూపాయలు గాని అంతకు మించి గాని నగదుగా తీసికొనుటను ఆదాయపు పన్ను చట్టము నిషేధించినది. ఉభయులకును వ్యవసాయాదాయము తప్ప పన్ను పడదగిన ఆదాయము లేనిచో మినహాయింపు కలదు. బయానా మొదలుకొని చెక్కు ద్వారానో బ్యాంకు బదిలీ ద్వారానో తీసికొన్నచో, తరువాత ఇచ్చితిని లేదు లేదను తగవునకు తావుండదు.

భేదములను సవరించుట

రెండు ఇండ్లు అన్ని విధముల ఒకటే యగుట అరుదు. కావున పోలిక ఇంటి ధరను మన ఇంటికి తగినట్లు సవరించవలెను. ఇందులో ఒక నియమమును గట్టిగా జ్ఞాపకముంచుకొనవలెను. పోలిక ఇంటిలో ఏదైన మన ఇంటికంటె మేలుగా నున్నచో, ఆ మేలు విలువను దాని ధరనుండి తీసివేయవలెను. మన ఇంటిలో ఏదైన మేలుగా నున్నచో, ఆ విలువను దాని ధరకు కలుపవలెను. సవరణ ఎప్పుడును పోలిక ఇంటి ధరకే జరుగవలెను. అనేకులు దీనిని తారుమారు చేసి, లెక్క చక్కగా వేసియు తప్పు ధరకు చేరుదురు.

ఏ భేదములను చూడవలెను? స్థలపు విస్తీర్ణము, కట్టడపు వైశాల్యము, కట్టిన సంవత్సరము, పైకప్పు, ముందరి వీధి వెడల్పు, నీటి వసతి, మరుగుదొడ్డి, పశువులపాక, పెరడు, ముఖద్వారపు దిక్కు, పత్రముల శుద్ధి. నీటి వసతిని ప్రత్యేకముగ చూడవలెను. నల్లగొండ, ప్రకాశము జిల్లాలలోవలె ఫ్లోరైడు గల నీరు పడు గ్రామములలో బోరుబావి ఉన్నదన్న మాట చాలదు. ఆ నీరు త్రాగుటకు పనికివచ్చునా అని విచారింపవలెను. వీధిపోటు, దిక్కు మొదలగు విషయములందు నమ్మకము గలవారును కలరు, లేనివారును కలరు. మన నమ్మకముతో ఇచ్చట పనిలేదు. కొనువారిలో ఎక్కువమందికి ఆ నమ్మకమున్నచో అది ధరలో కనబడును.

స్థలమునకు, కట్టడమునకు ఒక ముఖ్యభేదము కలదు. స్థలము పాతబడదు, కట్టడము ఏటేట పాతబడును. పదేండ్ల డాబాకును ముప్పదియేండ్ల డాబాకును ఒకే ధర రాదు. అట్లే ఒక సౌకర్యమునకు మనము పెట్టిన ఖర్చు వేరు, కొనువాడు దానికిచ్చు విలువ వేరు. మూడు లక్షలు పెట్టి నగిషీ పనులు చేయించినను, పల్లెలో కొనువాడు దానికి అర లక్షయైన నీయకపోవచ్చును. ఒక్క బోరుబావి భేదము తప్ప మిగిలినవన్నియు సమానముగా నున్న రెండు ఇండ్లు అమ్ముడై యున్నచో, ఆ రెండు ధరల తేడాయే బోరుబావి విలువ. సవరణకు ఇంతకంటె మంచి ఆధారము లేదు.

ఒక ఉదాహరణము

లెక్క స్పష్టమగుటకై ఒక కల్పిత ఉదాహరణమును ఇచ్చుచున్నాము. ఇందలి అంకెలు పద్ధతిని తెలుపుటకే గాని ఏ గ్రామపు ధరలును కావు.

భర్త పోయిన ఒక వృద్ధురాలు ఊరిలోని ఇంటిని అమ్మి, పట్టణములోని కుమార్తె యొద్దకు పోదలచినదనుకొందము. ఆమె ఇల్లు 200 చదరపు గజముల స్థలములో 900 చదరపు టడుగుల డాబా. కట్టి ఇరువదియేండ్లైనది. ముందు ఇరువది అడుగుల వీధి కలదు. పంచాయతీ కుళాయి కలదు గాని బోరుబావి లేదు. ఒక ఆసామి వచ్చి పదునాలుగు లక్షలు ఇచ్చెదననియు, నాలుగు దినములలో మాట చెప్పవలెననియు తొందరపెట్టుచున్నాడు. ఆ ఊరిలో ఖాళీ స్థలము గజము అయిదు వేల రూపాయలకు అమ్ముడగుచున్నట్లు ఇటీవలి విక్రయములవలన తెలిసినది.

మొదటి పోలిక ఇల్లు అదే వీధిలోనిది. నాలుగు నెలల క్రిందట 21 లక్షలకు పోయినది. స్థలము, కట్టడము సమానము. అయితే దానికి బోరుబావి కలదు. కట్టి పదియేండ్లే యైనది. బోరుబావికి ఒక లక్ష, కొత్తదనమునకు లక్షన్నర తీసివేయగా 18 లక్షల 50 వేలు.

రెండవ ఇల్లు ప్రక్క వీధిలోనిది. తొమ్మిది నెలల క్రిందట 16 లక్షలకు పోయినది. కట్టడము సమానము, వయస్సు సమానము. స్థలము 160 గజములే. వీధి పండ్రెండు అడుగులదే. బండి లోనికి రాదు. తక్కువైన 40 గజములకు రెండు లక్షలు, వీధికి ఒక లక్ష కలుపగా 19 లక్షలు.

మూడవ ఇల్లు బస్సు రోడ్డు మీదిది. 24 లక్షలకు పోయినది. స్థలము 240 గజములు. ఎక్కువైన 40 గజములకు రెండు లక్షలు, రోడ్డు అనుకూలతకు రెండున్నర లక్షలు తీసివేయగా 19 లక్షల 50 వేలు.

నాలుగవ ఇల్లు అన్ని విధముల వృద్ధురాలి ఇంటివంటిదే. కాని అది 13 లక్షలకే పోయినది. విచారింపగా ఆ యజమాని వైద్యమునకై వారము దినములలో అమ్మినట్లు తెలిసినది. పదునాలుగు లక్షల ఆసామి చూపుచున్నది ఈ ఇంటినే. ఇది పోలికకు పనికిరాదు.

ఇక మూడు ఫలితములు మిగిలినవి: పదునెనిమిదిన్నర, పందొమ్మిది, పందొమ్మిదిన్నర లక్షలు. వీనిని కూడి మూడింట భాగించుటతో పని ముగియదు. ఏ ఇంటికి సవరణ తక్కువగా జరిగినదో దానిని ఎక్కువగా నమ్మవలెను. మొదటి ఇంటికి రెండున్నర లక్షలు, రెండవదానికి మూడు లక్షలు, మూడవదానికి నాలుగున్నర లక్షలు సవరించితిమి. కావున మొదటి రెండును బలమైన సాక్షులు. మూడవది తోడు సాక్షి. వృద్ధురాలి ఇంటి ధర పదునెనిమిదిన్నర, పందొమ్మిది లక్షల నడుమ నున్నదని ధైర్యముగా చెప్పవచ్చును. బేరమునకు కొంత జాగా విడిచి ఆమె పందొమ్మిదిన్నర అడుగవచ్చును; పదునెనిమిదిన్నరకు దిగువన వచ్చిన మాటకు తొందరపడి తల యూపరాదు. పదునాలుగు లక్షలకు ఒప్పుకొన్నచో ఆమెకు నాలుగు లక్షలకు పైగా నష్టము వాటిల్లును. ఒక్క పుటలో వ్రాయదగిన ఈ లెక్క ఆ సొమ్మును కాపాడినది.

పత్రముల శుద్ధియు ధరయే

ఇల్లు బాగున్నను పత్రములు బాగులేనిచో ధర పడిపోవును. గ్రామకంఠములోని ఇండ్లకు తరతరములుగా అనుభవము తప్ప పట్టాలు లేకపోవుట అనేక గ్రామములలో కలదు. 2020 ఏప్రిల్ 24న, జాతీయ పంచాయతీరాజ్ దినోత్సవమున, కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన స్వామిత్వ పథకము ఈ కొరతను తీర్చుటకై ఏర్పడినది. డ్రోనులతో నివాస ప్రాంతములను కొలిచి, గృహయజమానులకు ఆస్తి పత్రములు ఇచ్చుట దాని ఆశయము. ఈ సర్వే జరుగు గ్రామములలో హద్దులు సరిచూపించుకొనుట యజమానుల బాధ్యత. వారిని హెచ్చరించుట సభ్యుల బాధ్యత.

ప్రభుత్వము పేదలకు ఇచ్చిన స్థలములను సామాన్యమైన ఇండ్లతో పోల్చరాదు. వానికి 1977నాటి అసైన్డు భూముల బదిలీ నిషేధ చట్టము, దాని సవరణలు వర్తించును గనుక, అమ్మకమునకు ముందే తహశీలుదారు కార్యాలయములో విచారింపవలెను. పిత్రార్జితమైన ఇంటిలో కుమార్తెలకును కుమారులతో సమానముగా భాగమున్నదని 2005నాటి హిందూ వారసత్వ సవరణ చట్టము దేశమంతటికి వర్తించునట్లు చెప్పినది. భాగస్థులలో ఒకరి సంతకము లేకున్నను కొనువాడు వెనుకాడును; లేదా ధరలో కోత కోయును. కావున భాగస్థుల నందరిని ముందే సమ్మతిపరచుట ధర పెంచు పనులలో మొదటిది. ఇంటి పన్ను బకాయి తీర్చుట, పన్ను రసీదులు, పాత లింకు దస్తావేజులు వరుసగా పెట్టుట దాని తరువాతివి.

అమ్మువానికిని ధర్మము కలదు. కొనువాడు మామూలు జాగ్రత్తతో చూచినను కానరాని లోపములు, తనకు తెలిసియున్నచో, అమ్మువాడు చెప్పవలెనని ఆస్తి బదలాయింపు చట్టము విధించుచున్నది. వానకాలములో ఇంటిలోనికి నీరూరుట, హద్దు తగవు కోర్టులో నుండుట దాచి అమ్మినచో ఆ దాచిన మాట తరువాత వ్యాజ్యమై తిరిగివచ్చును.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు

ఇంటి పన్ను డిమాండు రిజిస్టరును చాలమంది వసూలు పుస్తకముగానే చూతురు. దానిలో ప్రతి ఇంటి కట్టడపు వైశాల్యము, పైకప్పు రకము, కట్టిన సంవత్సరము సరిగా వ్రాసి యున్నచో, పోలిక ఇండ్లను వెదకువానికి అంతకంటె మంచి సహాయము లేదు. చేతులు మారిన ప్రతి ఇంటికిని పేరు మార్పు వెంటనే జరుగునట్లు చూచినచో, ఏ ఇల్లు ఎప్పుడు అమ్ముడుపోయినదో ఊరికి లెక్క యుండును.

ధర నిర్ణయమునకు సభ్యులు కూర్చొన్నపుడు మూడు విషయములలో జాగ్రత్తపడవలెను. తానుగాని తన బంధువుగాని కొనదలచిన ఇంటి విషయమున సభ్యుడు పెద్దగా కూర్చొనరాదు. అమ్మువాని ఇబ్బందిని సభలో చర్చింపరాదు. అవసరము బయటపడిన వెంటనే ధర పడును. ఈ వీధిలో ఫలానా కులమువారే కొనవలెనను మాటకు ఎన్నడును చోటీయరాదు. అది న్యాయము కాదు. అంతేగాక కొనువారు పదిమంది యుండవలసినచోట ఇద్దరే మిగిలి, అమ్ము కుటుంబమే నష్టపడును.

సభ్యులు ధరను శాసింపనవసరము లేదు. పోలిక ఇండ్లు ఇవి, వాని ధరలు ఇవి, భేదములు ఇవి యని ఒక కాగితము మీద వ్రాసి ఉభయుల ముందుంచినచో చాలును. తరువాతి బేరము వారిదే. అన్నదమ్ముల పంపకములలో ఈ కాగితము మరింత ఉపకరించును; పెద్దలు పక్షపాతము చేసిరన్న నింద రాదు, ఒకే గోడకు ఇరుప్రక్కల నివసింపవలసిన కుటుంబముల నడుమ వైరము పెరుగదు. గ్రామములో ఇల్లు అమ్ము ప్రతి కుటుంబమునకు ఇట్టి కాగిత మొకటి బేరమునకు ముందే అందునట్లు చూచుట, పంచాయతీ ఏ ఖర్చును లేక చేయగలిగిన మేలు.